క్రిమినల్ జస్టిస్ చదువుతానన్న మా మేనకోడలికి, అలాంటి పిల్లలున్న ఇళ్లకి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు మా అన్నయ్య ఫోన్ చేశాడు. "చెల్లాయ్, నీ మేనకోడలు క్రిమినల్ జస్టిస్ చదువుతానంటోంది, అదేం చదువో నాకు తెలీదు, నువ్వు రోజూ కోర్టులోనే ఉంటావు కదా, నువ్వే ఏదో ఒకటి చెప్పి మాన్పించు" అన్నాడు. పిల్ల బైపీసీ, మంచి మార్కులే వచ్చాయి. ఇంట్లో అందరూ అగ్రికల్చర్ అనో ఫార్మసీ అనో అనుకుంటుంటే ఇది ఫోన్ నిండా కాలేజీల బ్రోషర్లు దాచుకుని కూర్చుంది.

నేను మాన్పించలేదు. పోలీసు, కోర్టు, జైలు ఇవన్నీ ఎలా నడుస్తాయో చెప్పే చదువది, అసలు మాన్పించాల్సింది కాదు, మన పోలీస్ స్టేషన్లకీ ల్యాబులకీ జైళ్లకీ కోర్టులకీ బుద్ధిగా పనిచేసే పిల్లలు ఎంత అవసరమో పంతొమ్మిదేళ్లుగా గోదావరి జిల్లాలో క్రిమినల్ సైడు ప్రాక్టీస్ చేస్తున్న నాకు తెలుసు. కానీ ఆ బ్రోషర్లు చూసాక మాత్రం భయమేసింది. బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్, బీఏ క్రిమినాలజీ, బీబీఏ ఇన్ ఏదో ఇన్వెస్టిగేషన్, బీఎస్సీ సైబర్ ఫోరెన్సిక్స్, అన్నిటి మీదా ఒకే బొమ్మ, పసుపు రిబ్బను కట్టిన చోటు, భూతద్దం, నీలం గ్లవ్స్. లోపల ఎన్ని పేజీలు తిప్పినా ఈ డిగ్రీ పట్టుకుని ఏ నోటిఫికేషన్‌కి అప్లై చేయొచ్చో ఒక్క లైన్ లేదు.

ఈ వేసవంతా మేమిద్దరం దీని గురించే మాట్లాడుకున్నాం, కొన్ని రోజులు గట్టిగా వాదించుకున్నాం కూడా. నేను దానికి చెప్పింది ఒకటే, కోర్సు పేరు చూసి కాదు, నువ్వు లోపలికెళ్లి ఏ పని చెయ్యాలనుకుంటున్నావో ఆ పనికి గేటు ఎక్కడుందో చూసి, అక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ కాలేజీ దాకా రా అని. వినడానికి మామూలు మాటే కానీ ఈ రంగంలో అది ప్రాణమంత ముఖ్యం, ఎందుకో చెప్తాను.

అమెరికాలో క్రిమినల్ జస్టిస్ అని నిజంగానే ఒక డిగ్రీ ఉంది. 1960ల్లో న్యూయార్క్‌లో పోలీసుల చదువు కోసమే ఒక కాలేజీ పెట్టారు, అదే ఇప్పుడు జాన్ జే కాలేజీ. 1968లో అక్కడి ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి పోలీసులు కాలేజీకెళ్లి చదువుకోడానికి డబ్బిచ్చింది, దాంతో దేశమంతా ఆ కోర్సులు మొలిచాయి. అక్కడ ఊరికో పోలీస్ డిపార్ట్‌మెంట్, ఎవరి రిక్రూట్‌మెంట్ వాళ్లది, కాబట్టి ఆ డిగ్రీకి అక్కడ ఒక చోటు ఉంది. మన దగ్గర అలా కాదు. ఎస్‌ఐ అవ్వాలంటే ఏదో ఒక డిగ్రీ చాలు, కానిస్టేబుల్‌కి ఇంటర్ చాలు, డీఎస్పీకి గ్రూప్ వన్, ఐపీఎస్‌కి సివిల్స్, వాటికీ ఏ డిగ్రీ అయినా ఒకటే. క్రిమినాలజీ డిగ్రీ ఉందని ఎస్‌ఐ పరీక్షలో ఒక్క మార్కు కలవదు, సివిల్స్ ఆప్షనల్ లిస్టులో లా ఉంది, సోషియాలజీ ఉంది, ఆంత్రోపాలజీ ఉంది, క్రిమినాలజీ లేదు. ఈ సంగతి మా పిల్లకి తెలీదు, మా అన్నయ్యకి తెలీదు, బ్రోషర్ ఇచ్చినాయనకి తెలుసో లేదో నేను చెప్పలేను.

ఇంకో పెద్ద అపోహ పోస్ట్‌మార్టం. మా పిల్ల మొదటి రోజు "అత్తా, నేను ఫోరెన్సిక్ చేసి పోస్ట్‌మార్టం చేస్తాను, ఎలా చనిపోయారో కనిపెడతాను" అంది. అది డాక్టర్ల పనమ్మా, ఎంబీబీఎస్ చదవాలి, ఆ తర్వాత ఎండీలో ఫోరెన్సిక్ మెడిసిన్ అని సపరేటు సబ్జెక్ట్ ఉంటుంది, బీఎస్సీ ఫోరెన్సిక్ వాళ్లు ల్యాబులో కూర్చుని రక్తం, విషం, బుల్లెట్, చేతిరాత, ఫోన్ ఇలాంటివి పరీక్షిస్తారు, శవాన్ని ముట్టుకోరు అంటే దాని మొహం వాడిపోయింది. నీట్ రాయడం ఇష్టం లేకే కదా ఇటు వచ్చింది. ఫీజు కట్టేశాక రెండో సెమిస్టర్లో ఈ సంగతి తెలుసుకునే పిల్లల గురించి తల్చుకుంటేనే నాకు బాధగా ఉంటుంది.

మేలో ముగ్గురం కలిసి ఒక ప్రైవేట్ కాలేజీకి వెళ్లాం. పేరు చెప్పను. ఫోరెన్సిక్ ల్యాబ్ చూపిస్తామన్నారు. గది బాగుంది, ఏసీ ఉంది, గోడకి వేలిముద్రల చార్టులున్నాయి. మధ్య బల్ల మీద కంపారిజన్ మైక్రోస్కోప్ ఉంది, రెండు బుల్లెట్లు పక్కపక్కన పెట్టి గీతలు పోల్చి చూసేది, దానికి కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ తొడుగు ఇంకా అలాగే ఉంది, టేపు కూడా విప్పలేదు. వేలిముద్రల పౌడర్ డబ్బాలు మూడున్నాయి, మూడిటికీ సీలు ఉంది. అప్పటికి ఆ కోర్సు మొదలై రెండేళ్లట. "మరి పిల్లలు ప్రాక్టికల్స్ ఎలా చేస్తారండి" అని అడిగితే వీడియోలు చూపిస్తామన్నారు. పాఠం చెప్పేవాళ్లలో ల్యాబులోనో స్టేషన్లోనో కోర్టులోనో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే గెస్ట్ లెక్చర్లు ఉంటాయన్నారు. ప్లేస్‌మెంట్స్ అడిగితే ఏవో ప్రైవేట్ కంపెనీల పేర్లు చెప్పారు. అవీ ఉద్యోగాలే, తక్కువ చేసి మాట్లాడను, కానీ అందులో ఒక్కటి కూడా బ్రోషర్ మీద వేసిన బొమ్మలో ఉన్న ఉద్యోగం కాదు. వచ్చేటప్పుడు కార్లో మా అన్నయ్య ఏం మాట్లాడలేదు, పిల్ల మాత్రం ఆ తొడుగు గురించే రెండుసార్లు అంది.

అలాగని ఫోరెన్సిక్ చదువే దండగ అని నేను అనడం లేదు. గాంధీనగర్లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది, ముందు గుజరాత్ రాష్ట్ర యూనివర్సిటీగా ఉన్నదాన్ని, ఢిల్లీలో ఉన్న క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌ని కలిపి 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థ చేశారు, సొంత ఎంట్రన్స్ పెట్టుకుంటారు, ఇంటర్ సైన్స్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు కూడా ఉంది. మధ్యప్రదేశ్ సాగర్ యూనివర్సిటీలో క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ డిపార్ట్‌మెంట్ 1959 నుంచి ఉంది. మన దగ్గర ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ ఉంది. హైదరాబాద్ రామంతాపూర్లో సెంట్రల్ ఫోరెన్సిక్ ల్యాబు, రెడ్‌హిల్స్‌లో తెలంగాణ రాష్ట్ర ల్యాబు, ఉప్పల్లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ సెంటర్ సీడీఎఫ్‌డీ, ఇవన్నీ ఒకే ఊళ్లో ఉండటం మన తెలుగు పిల్లలకి నిజంగా అదృష్టం. సీటు ఇలాంటి చోట వస్తే కళ్లు మూసుకుని చేరమనే చెప్తాను.

అది రాకపోతే? ఇక్కడే నేను చాలామందితో విభేదిస్తాను. అలా రానప్పుడు డిగ్రీ దశలో మామూలు కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, జువాలజీ, కంప్యూటర్స్ లాంటి గట్టి సబ్జెక్టు, మంచి లెక్చరర్లున్న మామూలు గవర్నమెంట్ కాలేజీలో చదివి, ఫోరెన్సిక్ ఎమ్మెస్సీలో తీసుకోవడం మంచిదని నా గట్టి నమ్మకం. ల్యాబు పోస్టుల నోటిఫికేషన్లు తీసి చూడండి, డివిజన్ని బట్టి కెమిస్ట్రీ అనో, బయోకెమిస్ట్రీ అనో, ఫిజిక్స్ అనో అడుగుతారు, కొన్నిట్లో ఫోరెన్సిక్ సైన్స్ కూడా ఒప్పుకుంటారు. అంటే కెమిస్ట్రీ చదివినవాడికి ఆ తలుపూ తెరిచే ఉంటుంది, ఫార్మా కంపెనీ తలుపూ తెరిచే ఉంటుంది, టీచర్ తలుపూ తెరిచే ఉంటుంది. పేరున్న చోట కాకుండా ఎక్కడో బీఎస్సీ ఫోరెన్సిక్ చేసినవాడికి ఆ ఒక్క తలుపే, అదీ ఎప్పుడు తీస్తారో తెలీదు, నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి చూసినవాళ్లని నేను చూశాను.

లాల్జీ సింగ్ గారి సంగతి దానికి చెప్పాను. మన దేశంలో కోర్టులకి డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ తెచ్చిపెట్టిన మనిషి, హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోనే ఆ పని చేశారు. ఆయన ఫోరెన్సిక్ కోర్సు చదవలేదు. బెనారస్‌లో జువాలజీ చదివి, పాముల్లో ఆడ మగ తేడా తెచ్చే క్రోమోజోముల మీద పరిశోధన చేశారు. కట్లపాము జాతి పాములో దొరికిన ఒక డీఎన్ఏ ముక్క దగ్గర మొదలైన పనే చివరికి ఫలానా రక్తం ఫలానా మనిషిదని కోర్టులో చెప్పేదాకా వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే 1897లో కలకత్తాలో ఫింగర్‌ప్రింట్ బ్యూరో పెట్టినప్పుడు వేలిముద్రలని లెక్క ప్రకారం విడగొట్టే పద్ధతి తయారుచేసినవాళ్లలో ముఖ్యుడు అజీజుల్ హక్, ఆయన చదివింది లెక్కలు. మా పిల్ల ఇది విని "పాముల నుంచా అత్తా" అని మళ్లీ మళ్లీ అడిగింది. జువాలజీ అంటే ముఖం తిప్పుకునే పిల్ల ఆ రోజు రాత్రి అదే చదువుతూ కూర్చుంది.

ఇప్పుడు నేనెందుకు ఇంత పట్టుగా చెప్తున్నానో చెప్పాలి. 2011లో నేను జూనియర్ని, మా సీనియర్ గారు ఒక మర్డర్ కేసులో ముద్దాయి తరఫున ఉన్నారు. ఇరవై మూడేళ్ల కుర్రాడు చనిపోయాడు. ప్రాసిక్యూషన్‌కి కళ్లారా చూసిన సాక్షి లేడు, ఉన్నదల్లా ముద్దాయి చూపించాడని చెప్పి చెరుకు తోట గట్టు మీంచి తీసిన చొక్కా, దాని మీద రక్తం. వానాకాలం, చొక్కా తడిసి ముద్దయి ఉంది. దాన్ని అలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మధ్యవర్తుల, అంటే పోలీసులు సాక్షులుగా పిలిచినవాళ్ల, సంతకాలతో స్లిప్పు అంటించి, లక్క సీలు వేసి స్టేషన్లో ఉంచారు. ల్యాబుకి వెళ్లేసరికి నెల దాటింది. ట్రయల్లో బెంచ్ క్లర్కు గారు ఆ ప్యాకెట్ విప్పితే కోర్టు హాలంతా వాసన. చొక్కా రంగేంటో తెలీదు, నల్లటి బూజు, మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, స్లిప్పు మీద సిరా కారిపోయి మధ్యవర్తి సంతకంలో ఒక్క అక్షరం కనిపిస్తోంది. కోర్టు లెక్కలో అది ఎం.ఓ. నాలుగు, అంటే కేసులో సాక్ష్యంగా పెట్టిన నాలుగో వస్తువు. ల్యాబు రిపోర్టులో రక్తం ఉంది కానీ పాడైపోవడం వల్ల గ్రూపు తేల్చలేకపోయాం అని రాశారు.

తడి గుడ్డని నీడలో ఆరబెట్టి, కాగితంలో చుట్టి, కాగితం కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. అంతే. అప్పడాలు ఎండబెట్టే ఏ ఇల్లాలికైనా తెలిసే సంగతి. క్రాస్ ఎగ్జామినేషన్లో మా సీనియర్ గారు అడిగితే ఆ ఇన్‌స్పెక్టర్ గారు నిజాయితీగానే ఒప్పుకున్నారు, తడిగానే పెట్టాం అని. బయట వరండాలో నాతో "అమ్మా, మాకు అది ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టలేదు, ఇప్పటికీ పట్టను.

కేసు కొట్టేశారు. బెనిఫిట్ ఆఫ్ డౌట్, అంటే అనుమానం మిగిలింది కాబట్టి ముద్దాయిని వదిలేశారు. చనిపోయిన కుర్రాడి తల్లి కోర్టు బయట వేపచెట్టు కింద కూర్చుని, నల్లకోటు చూసి నేనెవరి తరఫో కూడా తెలీకుండా, "ఆ చొక్కా మీద ఉన్నది మా పిల్లాడి రక్తమేగా అమ్మా, మరెందుకు చెల్లలేదు" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. మా క్లయింట్ ఆ పని చేశాడో లేదో నాకు తెలీదు, ఇప్పటికీ తెలీదు, నన్ను పట్టి పీడించేది అదే. ఆ చొక్కా బాగుండి ఉంటే అతను దోషి అని తేలేదేమో, లేకపోతే అది ఏ జంతువు రక్తమో అని తేలి ఊళ్లో తలెత్తుకుని తిరిగేవాడేమో, విడుదలయ్యాక కూడా అతన్ని ఊరు ఊరుకోలేదు, రెండేళ్లలో ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయాడు. ఒక ప్లాస్టిక్ కవర్ రెండు కుటుంబాలకీ నిజం లేకుండా చేసింది.

అందుకని ఫోరెన్సిక్ అంటే ల్యాబులో మైక్రోస్కోప్ మాత్రమే అని పిల్లలు అనుకుంటుంటే నాకు ఊరుకోబుద్ధి కాదు. ల్యాబుకి వెళ్లే లోపే సగం అయిపోతుంది, బాగుపడినా పాడైనా. మొదటి రోజు, మొదటి చెయ్యి. ఆ చెయ్యి స్టేషన్లో ఎస్‌ఐదో హెడ్ కానిస్టేబుల్‌దో. కెమిస్ట్రీ చదివిన అమ్మాయి ఎస్‌ఐ అయితే ఆ చొక్కా ప్లాస్టిక్‌లోకి వెళ్లేది కాదు, ఇది నేను బల్ల గుద్ది చెప్పగలను. మా పిల్లకి ఎస్‌ఐ ఆలోచనే లేదు, అది మగవాళ్ల ఉద్యోగం అనుకుంది. ఆడపిల్లలకి ఎత్తు 152.5 సెంటీమీటర్లు ఉంటే చాలు, ఇరవై ఒకటి నిండాలి, డిగ్రీ ఉండాలి అని చెప్తే వెంటనే గోడకి ఆనుకుని నిలబడి వాళ్ల నాన్న చేత కొలిపించుకుంది.

దీని మీద నా కొలీగ్ ఒకాయన నాతో వాదించాడు, నువ్వు పాతకాలం మాటలు చెప్తున్నావు, చట్టాలే మారిపోయాయి కదా అని. ఆయన మాటలో నిజముంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పోయి వాటి చోట వరసగా భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్), భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్), భారతీయ సాక్ష్య అధినియమ్ (బీఎస్ఏ) వచ్చాయి. బీఎన్ఎస్ఎస్ 176(3) ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ ఎక్స్‌పర్ట్ స్వయంగా సంఘటన స్థలానికెళ్లి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయాలి, ఇది అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకి ఐదేళ్ల దాకా గడువిచ్చారు. సోదాలు, స్వాధీనాలు వీడియోలో రికార్డు చెయ్యాలని 105వ సెక్షన్. అంటే ఫోరెన్సిక్ మనుషులు చాలా మంది కావాలి, నిజమే. కానీ కావాలి అనడం వేరు, పోస్టు శాంక్షనై, నోటిఫికేషన్ వచ్చి, అర్హత కాలమ్‌లో నీ డిగ్రీ పేరు ఉండటం వేరు. ఆ కాలమ్ మీద నమ్మకంతో మూడేళ్లు, లక్షలు పెట్టేముందు ఆ కాలమ్ ఒకసారి చదవమనే నేను అడిగేది.

సైబర్ వైపు మాత్రం ఆయన మాటే కరెక్ట్ అని ఒప్పుకున్నాను. ఇప్పుడు ఏ కేసు తీసినా సీసీటీవీ, వాట్సాప్, కాల్ రికార్డింగ్. బీఎస్ఏ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాలి, అది ఇప్పుడు రెండు భాగాలు, పార్ట్ ఏ ఫోనో కంప్యూటరో ఎవరి చేతిలో ఉందో వాళ్లది, పార్ట్ బీ ఎక్స్‌పర్ట్‌ది, ఆ ఫైలుని ఎవరూ మార్చలేదని చూపించే హ్యాష్ వాల్యూ అనే కోడ్ కూడా రాయాలి. ఆ పార్ట్ బీ సంతకం పెట్టే మనిషి కోసం మా కోర్టుల్లో ఇప్పటికీ తర్జనభర్జనే. దానికి బీటెక్ కంప్యూటర్సో బీఎస్సీ కంప్యూటర్సో గట్టిగా చదివినవాళ్లు కావాలి, పేరులో సైబర్ అని తగిలించుకున్న కోర్సు కాదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబర్ 1930కి ఫోన్ చేసి డబ్బు పోయిందని ఏడ్చే రిటైర్డ్ మాస్టార్లని చూస్తే ఆ పిల్లలు ఎంత త్వరగా వస్తే అంత మంచిదనిపిస్తుంది.

లా గురించి నన్నడిగితే నాకు పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా. క్రిమినాలజీ చదివితే కోర్టులో నిలబడి వాదించడానికి లేదు, ఎల్ఎల్‌బీ ఉండాల్సిందే, బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అవ్వాల్సిందే. ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాత అయితే మూడేళ్లు. దేశమంతటికీ పెట్టే లా ఎంట్రన్స్ క్లాట్ రాసి వస్తే హైదరాబాద్ నల్సార్, వైజాగ్ దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ, లాసెట్ రాస్తే మిగతావి. చేరే ముందు ఆ కాలేజీకి ఆ సంవత్సరానికి బార్ కౌన్సిల్ అప్రూవల్ ఉందో లేదో కాగితం అడిగి చూడండి, మొహమాటపడకండి. ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్ అవ్వాలంటే, అంటే ఏపీపీ, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, మూడేళ్లు క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీస్ అడుగుతారు. జూనియర్ సివిల్ జడ్జికి కూడా మూడేళ్ల ప్రాక్టీస్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్లీ తెచ్చింది. ఆ మూడేళ్లూ జూనియర్‌కి చేతికొచ్చేది చాలా తక్కువ, ఇంట్లోవాళ్లు ఇది ముందే తెలుసుకుని ఉండాలి, ఆడపిల్లకైతే ఆ మూడేళ్లలోనే పెళ్లి మాటలు కూడా మొదలవుతాయి. మా అన్నయ్యకి ఈ ముక్క పిల్ల ముందే చెప్పాను.

క్రిమినాలజీ చదవాలని నిజంగా మనసున్న పిల్లల్ని చూసి నవ్వేవాళ్లంటే నాకు కోపం. అది గొప్ప చదువు, కాకపోతే అది నేరస్తుణ్ణి పట్టుకునే చదువు కాదు, మనిషి అక్కడిదాకా ఎందుకొచ్చాడు, వచ్చాక ఏం చెయ్యాలి అని అడిగే చదువు. 2022 లెక్కల ప్రకారం మన దేశం జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది, అందులో 4,34,302 మంది శిక్ష పడినవాళ్లు కాదు, విచారణలో ఉన్నవాళ్లు. నాలుగింట మూడొంతులు. రాజమండ్రి సెంట్రల్ జైలుకి ములాఖత్‌కి వెళ్లినప్పుడల్లా చూస్తాను, బెయిల్ వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉన్నవాళ్లని. 1958 నుంచి ప్రొబేషన్ చట్టం ఉంది, చిన్న నేరం చేసిన కుర్రాణ్ణి జైలుకి పంపకుండా మంచి నడవడిక మీద వదలొచ్చు, దానికి కోర్టు ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకోవచ్చు, కానీ నేను చూసినంతలో అది అడిగేవాళ్లూ తక్కువే, రాసేవాళ్లూ తక్కువే. జువెనైల్ బోర్డులో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చుంటారు. ఈ పని మీద ప్రేమ ఉంటే డిగ్రీలో సైకాలజీయో సోషియాలజీయో చదివి, పీజీకి ముంబైలో టాటా సోషల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్, అదే టిస్‌కో, మద్రాస్ యూనివర్సిటీకో వెళ్లాలి, టిస్‌లో దశాబ్దాల నుంచి జైళ్లలోకి వెళ్లి పనిచేయించే చదువు ఉంది. జైలు అధికారులకి శిక్షణ ఇచ్చే అకాడమీ వేలూరులో 1979 నుంచి ఉంది, మన జైలర్లు అక్కడికే వెళ్తారు.

అమెరికా గురించి ఒక్క మాట, ఎందుకంటే కన్సల్టెన్సీ వాళ్లు అది కూడా అమ్ముతున్నారు. అక్కడ క్రిమినల్ జస్టిస్ ఎంఎస్ చేస్తే ఎఫ్‌బీఐ అనుకుంటారు పిల్లలు. ఎఫ్‌బీఐ ఏజెంట్ అవ్వాలంటే ఆ దేశ పౌరసత్వం ఉండాలి, ఎఫ్‌వన్ స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకి ఆ గేటు లేదు. మామూలు క్రిమినల్ జస్టిస్ కోర్సు స్టెమ్ లిస్టులో, అంటే సైన్స్, టెక్నాలజీ కోర్సుల జాబితాలో కూడా లేదు, చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ ఒక్క సంవత్సరమే. అక్కడ పుట్టిన తెలుగు పిల్లలైతే వాళ్ల లెక్క వేరు, నిక్షేపంగా చదువుకోవచ్చు. ఇక్కణ్ణుంచి పొలం అమ్మి వెళ్లాల్సిన చదువు మాత్రం కాదు.

ఏ కోర్సు తీసుకున్నా ఒకటి మాత్రం ఎవరూ నేర్పరు, అది చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. తెలుగు వినడం, విన్నది విన్నట్టు రాయడం. మన దగ్గర కంప్లైంట్ తెలుగులో, సాక్షుల స్టేట్‌మెంట్లు తెలుగులో, పంచనామా తెలుగులో. ఊళ్లో పెద్దావిడ "కత్తి తీశాడంట బాబూ" అంటుంది. స్టేషన్ రైటరు హడావిడిలో "కత్తి తీశాడు" అని రాస్తాడు. ఆ చివర "అంట" పోయింది. ఆ ఒక్క ముక్కే కదా ఆమె కళ్లతో చూసిందా, ఎవరో చెప్తే విన్నదా అని చెప్పేది! రెండేళ్ల తర్వాత బోనులో నిలబడి ఆవిడ నిజమే చెప్తుంది, "నేను చూళ్లేదండీ, మా కోడలు చెప్పింది" అని. అంతే, స్టేట్‌మెంట్‌కి విరుద్ధంగా చెప్పింది కాబట్టి హాస్టైల్, అంటే ఎదురు తిరిగిన సాక్షి అంటారు, పాపం ఆవిడ పోలీసుల ముందూ అబద్ధం చెప్పలేదు, కోర్టులోనూ చెప్పలేదు. మా కోడలు చెప్పింది అంటే ఆ కోడల్ని ఎవరూ సాక్షిగా వెయ్యలేదు, ఎందుకంటే "అంట" రాసుకోలేదు కాబట్టి ఆవిడే చూసిందనుకున్నారు. ఇలాంటివి నేను పది కేసుల్లో చూశాను. ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగులో నాలుగు లైన్లు రాయడానికి చెమటలు పట్టే పిల్లలు ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చుకున్నా ఈ పనిలో తడబడతారు. కాలేజీ ఎంచుకునేటప్పుడు అక్కడ పిల్లల చేత ఏం రాయిస్తారు, ఎంత రాయిస్తారు అని అడగండి, క్లాసులన్నీ స్లైడ్ల మీదే అయితే ఇంకోటి చూసుకోండి.

జూన్‌లో వారం రోజులు దాన్ని నాతో కోర్టుకి తీసుకెళ్లాను. వెనక బెంచీలో కూర్చోబెట్టి, ఒక నోట్‌బుక్ ఇచ్చి, సాక్షి చెప్పింది చెప్పినట్టు రాయి, నీ మాట ఒక్కటి కలపకు అన్నాను. మొదటి రోజు సగం పేజీ రాయలేకపోయింది. శుక్రవారానికి మూడు పేజీలు రాసింది, అందులో రెండుచోట్ల "అంట" కింద గీత గీసుకుంది. ఇప్పటికి అనుకున్నదేంటంటే, మా టౌన్ గవర్నమెంట్ కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీకి పెట్టింది, గాంధీనగర్ ఎంట్రన్స్ వచ్చే ఏడు ఒకసారి రాస్తానంటోంది, డిగ్రీ అయ్యాక ఎస్‌ఐయా, ఎమ్మెస్సీయా, లాయా అనేది అప్పుడు చూద్దామంది. మా అన్నయ్య ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ ఫార్మసీ మాట ఎత్తడం మానేశాడు.

ఆ శుక్రవారం ఇంటికొస్తూ ఆటోలో అడిగింది, "అత్తా, మరి ఆ చొక్కా ఏమైంది" అని.

జడ్జిమెంట్ చివర్లో ఎప్పుడూ ఒక లైన్ ఉంటుందమ్మా, అప్పీలు గడువు అయిపోయాక ఎం.ఓ.లు ధ్వంసం చెయ్యాలని, దాన్నీ అలాగే చేసేసి ఉంటారు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నోట్‌బుక్ తీసి, ఆటో ఊగుతుంటేనే, ఆ లైన్ రాసుకుంది.